సూరత్ పూటకూళ్ళు

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం దొరికినవాడే ధన్యుడని గుజరాతీలలో ఒక సామెత ఉన్నది. ఢిల్లీలో గుజరాత్ మిత్రుల ముందు సూరత్ ప్రసక్తి తెచ్చినప్పుడల్లా ఈ సామెత వినవలసి వస్తుంది. కాశీ విషయంలో నాకేమీ తొందర లేదు గనుక, సామెతలోని మొదటి సగాన్ని పరీక్షించి వద్దామని ఈ వారం సూరత్ వెళ్ళాను. అయితే నన్ను అక్కడికి నడిపించింది నిజానికి భోజనం కాదు, బియ్యం.

కృషి భవన్‌లోని ఆహార శాఖ కొన్నేళ్ళుగా సగర్వంగా చెప్పుకుంటున్న పథకం 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు'. 2019 ఆగస్టులో ఇది రెండు జంటలతో మొదలయింది. ఒక జంట మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండవ జంట గుజరాత్, మహారాష్ట్ర. 2022 జూన్ నాటికి దేశంలోని రాష్ట్రాలన్నీ, కేంద్రపాలిత ప్రాంతాలన్నీ ఇందులో చేరాయి. ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్నవాడు ఏ ఊరివాడయినా సరే, మరే ఊరి చౌకధరల దుకాణంలోనయినా వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు. సాధారణ కార్డు మీద తలకు నెలకు అయిదు కిలోల ధాన్యం. 2023 జనవరి నుంచి అది ఉచితం. కాగితం మీద ఇంతకంటె చక్కని ఏర్పాటు ఉండబోదు. వలస వచ్చినవారితో నిండిన నగరంలో ఆ కాగితం ఎలా నడుస్తున్నదో చూడాలంటే సూరత్‌ను మించిన నగరం లేదు. సూరత్‌లో లింబాయత్‌ను మించిన పేట లేదు.

పట్టాలు తెచ్చిన పేట

ఆ పేట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి చరిత్ర గ్రంథాల కంటె రైల్వే పటం ఎక్కువ ఉపకరిస్తుంది. సూరత్‌కు దక్షిణాన ఉధనా జంక్షను. అక్కడ ఒక లైను తూర్పుగా చీలి నందుర్బార్ మీదుగా జల్‌గాఁవ్ పోతుంది. ఆ పట్టాల వెంట ఖాందేశ్ మరాఠీలు వచ్చారు. వరంగల్‌లో ఎక్కినవారిని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అదే దారిన తెచ్చి సూరత్‌లో దింపుతుంది. పూరీ వైపు బళ్ళు గంజాం జిల్లా ఒడియాలను, ఉత్తరాది బళ్ళు యూపీ, బీహారు కూలీలను తెచ్చాయి. సౌరాష్ట్ర నుంచి వచ్చి వజ్రాల సానపట్టే పనిలో కుదిరినవారు వరాఛాలో స్థిరపడగా, మరమగ్గాన్ని నమ్ముకున్నవారిలో చాలామంది ఈ పట్టాలకు అటూ ఇటూ ఉన్న లింబాయత్, ఉధనా, పండేసరాలలో ఉండిపోయారు.

మనవారి కథ పాఠకులకు తెలియనిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలో చేతిమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చినప్పుడు పద్మశాలీలు షోలాపూర్, భీవండీ, బొంబాయి, సూరత్ దారి పట్టారు. సిరిసిల్లలో 'సాంచాలు' అని పిలిచే మరమగ్గాలే వారికి ఇక్కడా బతుకుతెరువు అయినవి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ఒక ఊరిలో ఎవరెవరు ఉన్నారో జనాభా లెక్కల కంటె బడి పలకలు తొందరగా చెబుతాయి.

రుచులూ వలస వచ్చినవే

ఉదయం సూరత్‌వారి పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఇక్కడి ఉదయపు ఫలహారం 'లోచో'. శనగపప్పు నానబెట్టి రుబ్బి ఆవిరి మీద ఉడికించి, నూనె పోసి, సన్నకారప్పూస, ఉల్లిపాయ ముక్కలు, పచ్చని చట్నీ వేసి ఇస్తారు. లోచో అంటే గుజరాతీలో అవకతవక. ఖమణ్ చేయబోయి పిండి గట్టిపడక చెదిరిపోతే, పారబొయ్యడానికి మనసొప్పని దుకాణదారు దానికే ఒక పేరు పెట్టి అమ్మాడని చెప్పుకుంటారు. అవకతవకలకు అందమైన పేరు పెట్టి జనానికి వడ్డించే విద్య ఢిల్లీవారి సొత్తు అనుకున్నాను. సూరత్‌లో దానికి రుచి కూడా ఉన్నది.

పాత నగరం తన గొప్పగా చెప్పుకునే వంటల వంశవృక్షం తరచి చూస్తే తమాషాగా ఉంటుంది. నాన్‌పురాలోని దోతీవాలా బేకరీ పందొమ్మిదవ శతాబ్దపు పార్సీ సంస్థ. ఆ రొట్టెల విద్య సూరత్‌లో వర్తకం చేసిన డచ్చివారి నుంచి వచ్చింది. తపతికి ఆవలి ఒడ్డున రాందేర్‌లో 'ఖావ్‌సా' తినిపిస్తారు. అది రంగూన్‌లో వ్యాపారాలు చేసిన రాందేర్ ముస్లిం కుటుంబాలు బర్మా నుంచి మోసుకు వచ్చిన వంటకం. ఇంగ్లీషు కంపెనీ మన మచిలీపట్నంలో 1611లో కొఠీ తెరిచి, ఆ వెంటనే సూరత్‌లో పాతుకున్న రోజుల నుంచీ ఈ నగరం వచ్చినవాడి చేతి వంట తిని, కొన్నాళ్ళకు అది తనదేనని చెప్పుకోవడం నేర్చింది. ఆ లెక్కన లింబాయత్ వంటలు సూరత్ వంటలు కావడానికి ఇంకొక తరం పడుతుంది కాబోలు.

చలికాలం గనుక పట్టణంలో 'పోంక్' అమ్ముతున్నారు. పాలు పట్టిన జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి, ఆ పచ్చని గింజలను కారప్పూసతో, నిమ్మకాయతో ఇస్తారు. మన పల్లెల్లో ఊచబియ్యం తిన్నవారికి ఆ వాసన చాలు. మధ్యాహ్నం లింబాయత్‌లోని ఒక ఖాందేశీ ఖానావళిలో కూర్చుంటే అదే జొన్న, మినుములు కలిపి పట్టించిన పిండితో, భాకరీగా వచ్చింది. పక్కన నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి, మండిపోయే కారప్పూస కూర. ఇక తెలుగు వీధిలో అదే జొన్న రొట్టె అయింది. పలనాటి జొన్నకూటిని ఈసడించుకున్నట్టు శ్రీనాథుడి పేర చాటువులు ప్రచారంలో ఉన్నవి. ఆ మహాకవి లింబాయత్‌కు వచ్చి ఉంటే, మూడు భాషలవారిని ఒక పేటలో కూర్చోబెట్టి అన్నం పెడుతున్న ఈ గింజను అంత తేలికగా తీసిపారేసి ఉండేవాడు కాదేమో.

తెలుగు వీధి, ఒడియా గది

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్న పేటలో, పేరు చెప్పి దారి చూపదగిన తెలుగు భోజనశాల ఏదని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేకపోయారు. సాయంత్రం ఒక సందు మొగదల మూకుడు పెట్టుకుని సర్వపిండి కాలుస్తున్న ఒక ఇల్లాలిని అడిగాను.

'యాడికెళ్ళి వచ్చిన్రన్నా?' అన్నది ముందు. ఢిల్లీ నుంచి అన్నాను. సూరత్‌లో తెలుగు హోటలు వెతుక్కుంటూ ఢిల్లీ నుంచి వచ్చిన మనిషిని ఆమె కాస్త జాలిగా చూసింది.

'హోటలెందుకన్నా? ఇండ్లల్లనే వండుకుంటం గద. మా అత్తోల్లు సిరిసిల్ల దిక్కుకెళ్ళి వచ్చి నలభై ఏండ్లాయె. కార్డు ఈడిదే, ఓటు ఈడిదే. సంక్రాంతి వస్తున్నది, నాలుగు రోజులు ఆగున్రి, సకినాలు తినిపోదురు.'

బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లికాడలు కలిపి మూకుడుకు పల్చగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి కాల్చిన ఆ సర్వపిండిని ఆమె విస్తరాకు ముక్కలో పెట్టి ఇచ్చింది. సూరత్‌లో తిన్నవాటిలో దీనిదే మొదటి స్థానం అంటే స్వభాషాభిమానం అనుకోవద్దని మనవి. ఆమె కోడలు ఇంటి అరుగు మీద కూర్చుని చీర అంచుకు అద్దకపు రాళ్ళు అతికిస్తున్నది. ఇంటింటా అదే పని, చీరకు ఇంత అని కూలి.

నా సందేహానికి సమాధానం ఆ ఇల్లాలి మాటలోనే ఉన్నది. మనవారు కుటుంబాలతో వచ్చారు. కుటుంబంతో వచ్చినవాడు పొయ్యిని కూడా వెంట తెచ్చుకుంటాడు. పొయ్యి ఉన్నచోట రేషన్ కార్డు పనికి వస్తుంది. కార్డు, బడి, ఓటు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ కుటుంబాలు హాయిగా ఉన్నాయని నా ఉద్దేశం కాదు, నిలదొక్కుకున్నాయని మాత్రమే. ఒంటరిగా వచ్చినవాడి సంగతి వేరు. అతని కోసం పట్టాలు దాటి పండేసరా వైపు వెళ్ళాను.

గంజాం నుంచి వచ్చే మరమగ్గాల కార్మికులలో ఎక్కువమంది ఒంటరివారు. వారు ఉండే చోటును 'మెస్' అంటారు. మనం మెస్ అంటే భోజనం పెట్టే చోటు అనుకుంటాము. ఇక్కడ మెస్ అంటే తిండి, నిద్ర రెండూ. పొడవాటి గది, గోడకు మేకులు, మేకులకు సంచులు. మగ్గాల షిఫ్టు పన్నెండు గంటలు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. మూలనున్న వంటగదిలో పొయ్యి మాత్రం రెండు షిఫ్టులూ వెలుగుతూనే ఉంటుంది.

నన్ను చూసి గొంతు పెంచి మాట్లాడారు. కోపం కాదు. రోజుకు పన్నెండు గంటలు మగ్గాల హోరులో గడిపినవారికి మామూలు గొంతు వినిపించదు. ఆ హోరు మధ్య ఒక కుర్రవాడు, 'బాబూ, మీరు తెలుగువోరా? కూకోండి, బువ్వ తిందురు గాని' అన్నాడు. ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యపోవలసినది లేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఇచ్ఛాపురం దాటితే గంజామే. సరిహద్దు గీత కాగితం మీద ఉన్నది. ఆ కుర్రవాడి నాలుక మీద లేదు.

అన్నం, పప్పులో అరటికాయా బొప్పాయికాయా వేసి వండిన దాల్మా, ఒక వేపుడు. దాల్మా మన పప్పుకూరకు దగ్గరి చుట్టం. ఎండాకాలంలో పఖాళ ఉంటుందట. అంటే మన చద్దన్నమే. వంటలో హంగు లేదు. కానీ ఆకలితో వచ్చినవాడి ఎదుట రెండోసారి అన్నం వడ్డించే ముందు వంటమనిషి అడగలేదు. లింబాయత్‌లో నేను వెతికిన పూటకూళ్ళ ఇల్లు పండేసరాలో, ఒడియా వంటమనిషి చేతిలో కనిపించింది.

పొయ్యి లేనివాడి కార్డు

భోజనమయ్యాక అసలు సంగతి అడిగాను. రేషన్ ఇక్కడ తీసుకోవచ్చు గదా, ఎందుకు తీసుకోవు? అతని జవాబులో కృషి భవన్ పటంలో లేని సంగతులు రెండు ఉన్నవి. మొదటిది, కార్డు కుటుంబానిది. ఊళ్ళో తల్లి, భార్య, పిల్లలు ఆ కార్డు మీద బతుకుతున్నారు. తన వాటా అయిదు కిలోలు ఇక్కడ తీసుకుంటే అక్కడ అయిదు కిలోలు తగ్గుతాయి. రెండవది, తీసుకున్నా ఆ ధాన్యాన్ని ఎక్కడ వండుకోవాలి? అతనికి ఇక్కడ ఉన్నది ఒక మేకు, సగం రోజు చాప. గిన్నె లేదు, పొయ్యి లేదు. కాబట్టి అతను మెస్‌కు బజారు ధరకే డబ్బు కడతాడు. ఆ మెస్ యజమాని బియ్యాన్ని బజారు ధరకే కొంటాడు.

ఆహార భద్రతా చట్టం కింద దేశంలో 80 కోట్ల మందికి ధాన్యం అందుతున్నదని ప్రభుత్వం చెబుతున్నది. అబద్ధమని నేను అనడం లేదు. బియ్యం దేశమంతా ప్రయాణం చేయగలిగేటట్టు చేయడం చిన్న విషయం కూడా కాదు. కానీ బియ్యం కదిలింది గాని పొయ్యి కదలలేదు. ఈ పథకాన్ని రచించినవారి ఊహలో పేదవాడంటే ఇల్లు, ఇల్లాలు, వంటగది ఉన్నవాడు. సూరత్ మగ్గాన్ని నడుపుతున్నది అవి వదిలి వచ్చినవాడు.

పనిచేసే చోట భోజనం పెట్టించవలసిన బాధ్యత చట్టంలో లేకపోలేదు. 250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో క్యాంటీను ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను నూటికి తగ్గించింది. మంచిదే. కానీ ఆ స్మృతే విద్యుచ్ఛక్తి వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కావలసిన పనివారి సంఖ్యను పది నుంచి ఇరవైకి పెంచింది. మరమగ్గాల పరిశ్రమ ఒక కప్పు కింద ఉండేది కాదు. చిన్న చిన్న షెడ్లుగా, షెడ్డుకొక యజమానిగా చీలి ఉన్నది. నూరుమంది ఒకచోట ఉండరు. ఉన్నా, ఒకే యజమాని పుస్తకంలో ఉండరు. నగరం మొత్తం ఒక మహా కర్మాగారం. చట్టం కళ్ళకు మాత్రం అందులో ఫ్యాక్టరీ కనిపించదు. ఆ కనిపించని క్యాంటీను స్థానంలోనే మెస్‌లు పుట్టాయి. యజమాని చేయవలసిన ఏర్పాటును కార్మికుడే తన జీతంలోంచి చేసుకున్నాడు. ఆ పొయ్యి ఆరితే సూరత్ మగ్గం ఆగుతుంది.

ఇది అలంకారం కోసం అంటున్న మాట కాదు. 2020 మార్చి నెలాఖరున దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు మగ్గాలు ఆగాయి, జీతాలు ఆగాయి, తిండికి కటకట వచ్చింది. ఏప్రిల్ 10 రాత్రి సూరత్ శివార్లలోని లస్కానాలో కార్మికులు వీధుల్లోకి వచ్చారు. జీతాలివ్వండి, లేదా ఇంటికి పంపండి అన్నారు. మే తొలివారంలో గంజాంకు ప్రత్యేక రైళ్ళు బయలుదేరాయి. పరిశ్రమ మళ్ళీ తెరిచినప్పుడు, పంపించిన ఆ మనుషుల కోసమే యజమానులు ఎదురుచూశారు.

అంతకు ముందు కూడా ఈ నగరానికి ఒక గుణపాఠం ఉన్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాదిమంది సూరత్ విడిచి పారిపోయారు. మరుసటి సంవత్సరం నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు వీధులనే గాక తినుబండారాల దుకాణాల శుభ్రతను కూడా పట్టించుకున్నాడు. అధికారులను ఉదయాన్నే వీధుల్లోకి పంపాడు. రెండేళ్ళలో దేశంలోని శుభ్రమైన నగరాల సరసన సూరత్ పేరు వినిపించింది. అంటే ఈ నగరానికి చేతకానిది లేదు. వంటగదిలోకి తొంగిచూడడం ప్రభుత్వం పని కాదనే వాదన కూడా ఇక్కడ చెల్లదు. ఒకసారి చూసింది గనుక.

ఎవరి విస్తరి?

మార్గం ఏమిటని పాఠకులు అడగవచ్చు. గుజరాత్ ప్రభుత్వానికి 'శ్రమిక్ అన్నపూర్ణ' అనే పథకం ఉన్నది. 2017లో మొదలై, మధ్యలో ఆగి, 2022లో మళ్ళీ తెరుచుకున్నది. అయిదు రూపాయలకు భోజనం. అయితే అది భవన నిర్మాణ కార్మికులను ఉద్దేశించినది. భవనం కట్టేవాడికి ఆకలి వేస్తే వస్త్రం నేసేవాడికి వేయదా? మన ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో ప్రభుత్వం మారగానే మూశారు, 2024లో ప్రభుత్వం మళ్ళీ మారగానే తెరిచారు. అయిదు రూపాయల అన్నం కూడా ఎన్నికల ఫలితాల కోసం ఎదురుచూడవలసి రావడం మనకు గర్వకారణమేమీ కాదు.

సూరత్ మెస్‌లను చూసిన తరువాత నాకు తోచినది ఒకటే. కొత్త భవనాలు, కొత్త బోర్డులు అక్కరలేదు. ఉన్న మెస్‌లను నగరపాలక సంస్థ నమోదు చేయవచ్చు. గాలి, నీరు, శుభ్రత తనిఖీ చేయవచ్చు. అక్కడ తినే కార్మికుల లెక్క ప్రకారం చౌక ధాన్యాన్ని నేరుగా ఆ వంటగదికే ఇవ్వవచ్చు. అది ఊళ్ళోని కుటుంబం వాటాలోంచి కోసి ఇచ్చేది కాక, పనిచేసే మనిషికి అదనంగా ఇచ్చేది కావాలి. విద్యార్థుల వసతిగృహాలకు ధాన్యం ఇవ్వగలిగిన ప్రభుత్వానికి కార్మికుల వసతిగృహాలకు ఇవ్వడం అసాధ్యం కాదు.

అసాధ్యం కాని పని ఎందుకు జరగడం లేదన్నదానికి సమాధానం వంటలో లేదు, ఓట్ల జాబితాలో ఉన్నది. 2024లో సూరత్ లోక్‌సభ స్థానానికి పోలింగే జరగలేదు; బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. ఆ సంఘటన మీద ఢిల్లీలో చాలా చర్చ జరిగింది. లింబాయత్, ఉధనాలు పక్కనున్న నవసారీ నియోజకవర్గంలోకి వస్తాయి గనుక అక్కడ పోలింగు జరిగింది. కానీ మెస్‌లో ఉండే కార్మికుడికి ఆ రెండింటికీ భేదం లేదు. అతని ఓటు గంజాంలో ఉన్నది. అయిదేళ్ళకొకసారి ఊళ్ళో ఓటు వేసే అవకాశం, నెలనెలా ఊళ్ళో బియ్యం, ప్రతిరోజూ సూరత్‌లో పని. కార్డు ప్రయాణం చేసినట్టు ఓటు ప్రయాణం చేయదు.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. లింబాయత్‌లోని తెలుగు కుటుంబం నలభై ఏళ్ళకు పంక్తిలో ఒక విస్తరి సంపాదించుకున్నది. పండేసరాలోని కుర్రవాడికి ఇంకా విస్తరి వేయలేదు. వడ్డించేవాడికి అతను పంక్తిలో ఉన్నట్టే తెలియదు.

తిరుగు ప్రయాణంలో స్టేషనుకు వెళుతూ, సూరత్‌లో ఉత్తమమైన భోజనం ఎక్కడ దొరికిందని ఢిల్లీ మిత్రులు అడిగితే ఏమి చెప్పాలా అని ఆలోచించాను. లోచో బాగున్నది. పోంక్ ఇంకా బాగున్నది. సర్వపిండి సంగతి ముందే చెప్పాను. కానీ ఆ మెస్‌లో నేను చేయి కడుక్కుని డబ్బు ఇవ్వబోతే వంటమనిషి పుచ్చుకోలేదు. సాయంత్రం ఏడు గంటలయింది. పగటి షిఫ్టు వదిలినవారు చెవులలో హోరుతో లోపలికి వస్తున్నారు. రాత్రి షిఫ్టువారు చాపల మీదినుంచి లేస్తున్నారు. నేను కూర్చున్న చోటు ఎవరిదో, అతను వచ్చి నిలబడి ఉన్నాడు. లేచి చోటిచ్చాను.